నెత్తిమీద కుంపటి... దించేదెలా?

సిమెంటు మిద్దెల కింద నల్లరేగడి పల్లెల ఉక్కపోత
తాతల నాటి సున్నం, కరక్కాయ నుంచి నేటి నురుగు పలకల దాకా

తిరుచ్చులి: సూరీడు దిగిపోయి రెండు గంటలైంది. గుండారు వైపు నుంచి కాస్త గాలి తిరిగింది. వీధి అరుగు చల్లబడింది. ఇంట్లోకి అడుగుపెడితే మాత్రం ఆవిరి! ఫ్యాను తిరుగుతూనే ఉంది... వీచేది వేడిగాలే. గోడకు చెయ్యి ఆనిస్తే ఇప్పుడే పొయ్యి మీంచి దించిన పెనంలా ఉంది. పోనీలే అని చాప చంకన పెట్టుకుని మిద్దెక్కితే అక్కడా అరికాళ్లు చురుక్కుమంటాయి. పసిపిల్లలు ఏడుస్తారు. ముసలివాళ్లు విసనకర్ర పట్టుకుని తెల్లవారేదాకా కూచుంటారు. పొద్దున అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకో, నూలు మిల్లుకో పోవాల్సినవాళ్లు నిద్రలేని కళ్లతోనే బస్సెక్కుతారు.

రమణ మహర్షి 1879 డిసెంబరు 30న పుట్టిన ఊరిది. చుట్టుపక్కల అరుప్పుకోట్టై, సాత్తూరు, కోవిల్‌పట్టి, రాజపాళయం... ఎటు పోయినా ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు కనిపిస్తాయి. వందల ఏళ్ల కిందట ఇక్కడికి చేరిన మనవాళ్లు ఈ నల్లరేగడిని దున్ని పత్తి, జొన్న పండించారు. తమిళంలో దీన్ని కరిసల్ సీమ అంటారు. వానలు తక్కువ, ఎండలు ఎక్కువ. ఎండ కొత్త కాదు. ఇల్లు ఇంతగా కాలడమే కొత్త.

సూరీడు సరిగ్గా నడినెత్తిన

మనిషికి గొడుగు ఎలాగో ఇంటికి కప్పు అలాగ. ఈ ప్రాంతంలో ఆ గొడుగు మీద పడే దెబ్బ మామూలుది కాదు. తిరుచ్చులి భూమధ్యరేఖకు ఉత్తరంగా దాదాపు తొమ్మిదిన్నర డిగ్రీల దూరంలో ఉంది. ఏప్రిల్ 14, 15 తేదీల్లో, అంటే తమిళ ఉగాది వేళకు, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలబెట్టిన కర్రకు నీడే ఉండదు. మళ్లీ ఆగస్టు చివర్లో ఇంకోసారి అదే పరిస్థితి. ఆ మధ్యలో మే 4 మొదలు 28 దాకా అగ్ని నక్షత్రం. ఆంధ్రాలో రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయంటారు... ఇక్కడ అంతకు ముందే మిద్దెలు మండుతాయి.

అలా నడినెత్తిన ఉన్న సూర్యుడు గోడలకన్నా కప్పునే ఎక్కువ కొడతాడు. తేటగా ఉన్న రోజు మధ్యాహ్నం ఒక చదరపు మీటరు కప్పు మీద పడే ఎండ సుమారు వెయ్యి వాట్లు. ఒక ఇస్త్రీ పెట్టె ఎంత కరెంటు తాగుతుందో అంత! ఇల్లు 60 చదరపు మీటర్లు ఉంటే 60 ఇస్త్రీ పెట్టెలు బోర్లించి పెట్టినట్టే లెక్క. కాస్త అటుఇటుగా నాలుగైదు గంటల పాటు ఆ కాపు తప్పదు. సున్నం వేయని సిమెంటు కప్పు పైభాగం 60 డిగ్రీల దాకా వేడెక్కుతుంది.

పగలు తాగిన ఆ వేడిని నాలుగైదు అంగుళాల కాంక్రీటు తనలో దాచుకుంటుంది. మెల్లగా కిందికి పంపుతుంది. అందుకే మధ్యాహ్నం రెండింటికన్నా సాయంత్రం ఆరింటికి లోకప్పు ఎక్కువ కాలుతుంది. రాత్రి పదకొండింటికీ సెగ వదలదు. గాలి చల్లబడినా ఇల్లు చల్లబడకపోవడానికి కారణం ఇదే.

తాటాకు పోయె... తాపం వచ్చె

ఒకప్పుడు ఈ పల్లెల్లో మట్టిగోడ, తాటాకు కప్పు. ఈ సీమలో తాటిచెట్లకు కొదవ లేదు. తాటాకుల పొరల మధ్య చిక్కుకున్న గాలే వేడిని ఆపేది. ఇవాళ పెద్ద పేర్లు పెట్టి అమ్మే పలకల్లోనూ జరిగేది అదే... గాలిని చిన్న చిన్న గదుల్లో బంధించడం. కాకపోతే తాటాకుకు నిప్పు భయం, వాన భయం, పురుగు భయం. రెండు మూడేళ్లకోసారి కప్పు మార్చాలి. ఆకులు కప్పే పనివాళ్లూ తగ్గిపోయారు.

అందుకే పక్కా ఇల్లు ప్రతి పేద కుటుంబానికీ కల అయింది. ప్రభుత్వాలూ ఆ కలను తీర్చే పథకాలు తెచ్చాయి. 2011లో మొదలైన పచ్చ ఇళ్ల పథకంలో 300 చదరపు అడుగుల కాంక్రీటు ఇల్లు, దానికి సౌర దీపాలు ఇచ్చారు. 2024లో వచ్చిన కలైఞర్ కనవు ఇల్లం పథకంలో 360 చదరపు అడుగుల ఇల్లు, అందులో కనీసం 300 చదరపు అడుగులకు కాంక్రీటు కప్పు. గుడిసెలు లేని రాష్ట్రం కావాలన్నది లక్ష్యం. మంచిదే. తుపాను వస్తే ఎగిరిపోని కప్పు, పక్కింట్లో నిప్పు రవ్వ లేస్తే అంటుకోని కప్పు ఏ కుటుంబానికైనా ధైర్యం. కానీ చిన్న ఇల్లు, తక్కువ ఎత్తు, ఒకటో రెండో కిటికీలు, పైన నాలుగంగుళాల బోడి కాంక్రీటు... ధైర్యంతో పాటు ఉక్కపోతా వచ్చి కూచుంది.

సిమెంటు మనకు పరాయిదీ కాదు. ఈ జిల్లా నేలలో సున్నపురాయి ఉంది. రాజపాళయం తెలుగు రాజుల కుటుంబానికి చెందిన పి.ఎ.సి. రామసామి రాజా 1957లో సిమెంటు కంపెనీ పెట్టారు. విరుదునగర్ దగ్గర ఫ్యాక్టరీ వెలిసిన చోటికి రామసామి రాజా నగర్ అనే పేరొచ్చింది. ఆలంగుళంలో తమిళనాడు ప్రభుత్వ సిమెంటు కర్మాగారమూ ఉంది. సిమెంటు చేతికందుబాటులోకి రావడంతో కప్పులు మారిపోయాయి. సిమెంటుతో పాటు దాని మీద వేయాల్సిన పొరను మాత్రం చాలామంది మరిచిపోయారు. చిక్కంతా అక్కడే.

తాతలకు తెలిసిన కిటుకు

కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్‌లో పుట్టిన రచయిత కి.రాజనారాయణన్ ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబం వాడే. ఈ సీమకు వలస వచ్చిన తెలుగువాళ్ల కథను 1976లో ‘గోపల్ల గ్రామం’ నవలగా రాశారు. 2021లో కన్నుమూశారు. ఆయన రాసిన కరిసల్ పల్లెల్లో కాస్త కలిగినవాళ్ల ఇళ్లను కారై వీడు అనేవారు. అంటే గచ్చు మిద్దె.

ఆ మిద్దె కట్టే పద్ధతి చూడండి. టేకు దూలాలు పరిచి, వాటి మీద ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరుసల్లో సున్నంతో పేర్చేవారు. దానిమీద ఇటుక ముక్కలు, సున్నం కలిపిన మూడు నాలుగంగుళాల పొర. బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు చల్లుతూ ఆడా మగా వరుసగా కూచుని కొయ్య బడితెలతో రోజుల తరబడి కొట్టేవారు. చివర్న పలుచటి చదును పెంకులు. వీటినే ఇక్కడ తట్టు ఓడు అంటారు. మద్రాసు మిద్దె అని ఇంజినీర్లు చెప్పేది దీన్నే. ఇటుక ముక్కల్లోని సన్నటి రంధ్రాలు వేడిని ఆపేవి. మందం వేడిని ఆలస్యం చేసేది. సున్నం చిన్న చిన్న పగుళ్లను తానే పూడ్చుకునేది.

మన పూర్వీకులు వదిలి వచ్చిన రాయలసీమలోనూ ఇదే తెలివి మరో రూపంలో ఉండేది. అనంతపురం, కర్నూలు పల్లెల్లో దూలాల మీద చవుడు మట్టి మందంగా పరిచిన మిద్దెలు ఎండాకాలంలోనూ చల్లగా ఉంటాయి. ఏటా వానలకు ముందు కాస్త చవుడు చల్లి తొక్కితే చాలు.

తమిళనాడులో కాంక్రీటు స్లాబు మీద కూడా ఇటుక జల్లి, సున్నం పొర వేసి పెంకులు పరిచే ఆచారం చాలాకాలం సాగింది. ఇప్పటికీ తెలిసిన మేస్త్రీలు ఉన్నారు. ఖర్చు తగ్గించుకుందామని, ‘పైన ఇంకో అంతస్తు లేపుతాం కదా’ అని ఆ పొరను వదిలేస్తున్నారు. ఆ అంతస్తు ఎప్పుడు లేస్తుందో తెలియదు. ఈలోగా పదేళ్ల ఎండ మాత్రం ఇంట్లోవాళ్లే భరిస్తారు.

లెక్క చూద్దాం

కప్పు వేడిని ఎంత సులువుగా వదులుతుందో చెప్పడానికి ఇంజినీర్లు ‘యూ విలువ’ అనే కొలత వాడతారు. పైకీ కిందికీ ఒక డిగ్రీ తేడా ఉంటే చదరపు మీటరుకు ఎన్ని వాట్ల వేడి దిగుతుందో చెప్పే అంకె అది. ఎంత తక్కువైతే అంత మంచిది.

- బోడి కాంక్రీటు స్లాబుకు ఇది సుమారు మూడున్నర.
- నాలుగంగుళాల ఇటుక జల్లి, సున్నం పొర వేస్తే సుమారు రెండున్నరకు దిగుతుంది.
- ఒక అంగుళం మందం గట్టి నురుగు పలక (ఎక్స్‌పీఎస్) వేస్తే ఒకటికి లోపు.
- రెండంగుళాలు వేస్తే దాదాపు అర.

కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ 2018లో ‘ఎకో నివాస్ సంహిత’ అనే నియమావళి తెచ్చింది. 500 చదరపు మీటర్లు, అంతకు మించిన స్థలాల్లో కట్టే నివాసాల కప్పు యూ విలువ 1.2 దాటకూడదని అందులో ఉంది. మన చిన్న ఇళ్లకు ఆ నియమం వర్తించకపోయినా, మంచి కప్పు ఎలా ఉండాలో చెప్పే గీటురాయి అదే. తాతల పొర ఒక్కటే ఆ గీటును అందుకోదు. కానీ దానికి తెలుపు తోడైతే కథ మారుతుంది.

తెల్లటి కప్పు ఎండను లోపలికి రానివ్వకముందే తిప్పికొడుతుంది. తాజా సున్నం వేసిన మిద్దె తనమీద పడ్డ ఎండలో మూడొంతులకు పైగా వెనక్కి పంపేస్తుంది. బోడి సిమెంటు పంపేది మూడో వంతు లోపే. తెల్ల కప్పు కింద ఇంటి వేడి మామూలుగా రెండు నుంచి ఐదు డిగ్రీల దాకా తగ్గుతుంది. హైదరాబాద్‌లో ట్రిపుల్ ఐటీ, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల కలిసి చేసి 2011లో ప్రచురించిన అధ్యయనం ఏసీ ఉన్న కార్యాలయ భవనాలపై జరిగింది. బోడి కాంక్రీటు కప్పుకు తెల్లపూత వేస్తే చల్లదనం కోసం వాడే కరెంటు 10 నుంచి 19 శాతం తగ్గుతుందని అంచనా కట్టారు. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో చల్లటి కప్పుల విధానం ప్రకటించి, 600 చదరపు గజాలు, ఆపైన స్థలాల్లో కట్టే ఇళ్లకు దాన్ని తప్పనిసరి చేసింది.

తమిళనాడు ప్రభుత్వమూ 2024 అక్టోబరులో వడగాడ్పును రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. వరద వస్తే ఊరంతా చూస్తుంది. ఉక్కపోతలో ఓ అవ్వ నిద్రలోనే పోతే ‘వయసైపోయింది’ అంటారు. విపత్తు అని పేరు పెట్టడంలోని అర్థం అదే.

ఏసీ ఉంటే ఒక దారి... లేకుంటే ఇంకో దారి

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఏసీ లేని ఇంటికి, ఏసీ ఉన్న ఇంటికి ఒకే వైద్యం పనికిరాదు.

ఏసీ లేని ఇల్లయితే మొదటి ఖర్చు సున్నం మీద పెట్టండి. వేడి లోపలికి దిగకుండా చూసుకుని, రాత్రి కిటికీలు తెరిచి చల్లగాలి పారేలా చేస్తే చాలా ఉపశమనం. కిటికీలన్నీ బిగించిన ఇంట్లో కప్పుకు మందపాటి పలకలు వేస్తే... పొయ్యి వేడి, మనుషుల వేడి, పడమటి గోడ వేడి బయటికి పోయే దారి లేక లోపలే చిక్కుతాయి. అమెరికా, కెనడాల్లో ఉన్న మన పిల్లలు గోడల్లో దూదిలాంటి పొర నింపిన ఇళ్లలో ఉంటారు. అక్కడ లోపలి వెచ్చదనం బయటికి పోకుండా ఆ ఏర్పాటు. ఇక్కడ బయటి వేడి లోపలికి రాకూడదు, లోపలి వేడి మాత్రం పోవాలి. అక్కడి ఇంటిని ఇక్కడ అచ్చు దించితే కుదరదు.

ఏసీ ఉన్న ఇల్లయితే పలకల ఖర్చు తిరిగి వస్తుంది. ఒక ఏసీ రాత్రికి 8 యూనిట్లు కాల్చిందనుకోండి. రెండు నెలలకు 480 యూనిట్లు. 2016 నుంచి రెండు నెలలకు 100 యూనిట్లు ఉచితంగా ఇస్తున్నా, ఆ ఏసీ ముందు అవి ఏ మూలకు? పైగా వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధరా పెరిగే లెక్క ఇది. కప్పు సరిచేసి రాత్రికి 2 యూనిట్లు తగ్గించుకున్నా రెండు నెలలకు 120 యూనిట్లు మిగులుతాయి. అవీ పై శ్లాబులో ఖరీదైన యూనిట్లు. ఏసీని 24 డిగ్రీల దగ్గర పెట్టి ఫ్యాను వేసుకోండి. ఒక్కో డిగ్రీ పెంచినకొద్దీ సుమారు 6 శాతం కరెంటు ఆదా అని బీఈఈ చెబుతోంది.

పలకలు వేయించే ముందు

అరుప్పుకోట్టై, మధురై నుంచి వచ్చి ‘కూలింగ్’ పని చేసిపెడతామనేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. మాట ఖరారు చేసేముందు కొన్ని సంగతులు చూసుకోండి.

- మొదట నీటి కారుడు ఆపాలి. స్లాబు మీద ఒకటి రెండు రోజులు నీళ్లు కట్టి చూడాలి. కారే కప్పు మీద పలక వేస్తే రోగం కప్పిపెట్టినట్టే.
- వరుస తప్పకూడదు. ముందు నీరు దిగని పూత, దానిమీద పలక, పైన జాలీ వేసిన కాంక్రీటు పొర, చివర్న తెల్లటి పెంకులు. పలకను ఎండకు వదిలేస్తే పాడవుతుంది.
- పలక పేరు, మందం, సాంద్రత కాగితం మీద రాయించుకోండి. ‘థర్మోకోల్ లాంటిదే సార్’ అంటే ఒప్పుకోవద్దు.
- పాత స్లాబు బరువు మోయగలదా అని ఇంజినీరుకు చూపించండి. నాలుగంగుళాల ఇటుక జల్లి పొర చదరపు మీటరుకు 150 కిలోల పైమాటే. ఇనుము తుప్పుపట్టి పెచ్చులు రాలుతున్న కప్పు మీద ఆ భారం పెట్టకూడదు.
- నీళ్లు జాలువారే వాలు, తూములు పూడిపోకుండా చూసుకోవాలి. ఐప్పసి, కార్తీక మాసాల వానలు ఏకధాటిగా కురుస్తాయి.

రేకుల ఇళ్లకు ఇంకో జాగ్రత్త

రేకు కప్పు పగలు పెనంలా కాలుతుంది గానీ రాత్రి త్వరగా చల్లారుతుంది. పగలు పని జరిగే షెడ్లలోనే దాని బాధ ఎక్కువ. పైన తెల్లపూత, కింద జానెడు ఎడంతో తడిక లేదా పలకల కప్పు వేసి, ఆ ఎడంలోని వేడిగాలి పోయేందుకు రెండు వైపులా దారి వదిలితే మార్పు తెలుస్తుంది. ఆస్‌బెస్టాస్ రేకులైతే గీకడం, కోయడం, రంధ్రాలు వేయడం చేయొద్దు. ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదం.

అన్నిటికన్నా ముఖ్యం... శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి చుట్టుపక్కల బాణసంచా, అగ్గిపెట్టెల పని ఉన్న చోట థర్మోకోల్ కప్పులు వేలాడదీయడం నిప్పుతో చెలగాటం. అది మండుతుంది, కరిగి కారుతుంది, దట్టమైన పొగ వదులుతుంది. అలాంటి చోట నిప్పంటని రాతి ఉన్ని, సిమెంటు పలకలు మేలు.

పైసల్లో అయ్యే పనులు

- సంక్రాంతి దాటి వానలు పూర్తిగా వెనక్కి తగ్గాక మిద్దె బాగా కడిగి, సున్నంలో కాస్త తెల్ల సిమెంటు, జిగురు కలిపి రెండు పూతలు వేయండి. వానలకు కొంత కొట్టుకుపోతుంది. ఏటా వేయాల్సిందే.
- తెల్ల మిద్దె మీద దుమ్ము పేరుకుంటే తెలుపు పనిచేయదు. ఎండాకాలంలో అప్పుడప్పుడూ ఊడ్చండి.
- పడమటి గోడ పక్క వేపచెట్టు పెంచండి. చెట్టుకు చోటు లేకపోతే కిటికీకి బయటివైపు తడిక కట్టండి. లోపలి తెర ఎండను ఆపుతుంది గానీ అప్పటికే వేడి ఇంట్లోకి వచ్చేసి ఉంటుంది.
- పగలు పదింటికి కిటికీలు మూసి, పొద్దుగూకాక ఎదురెదురు కిటికీలు తెరవండి.
- నమ్మకం కుదరకపోతే సగం మిద్దెకే సున్నం వేసి చూడండి. ఆ రాత్రి రెండు గదుల్లోనూ లోకప్పుకు చెయ్యి ఆనిస్తే తేడా చేతికే తెలుస్తుంది.

ఎండ శత్రువు కాదు

తిరుచ్చులికి దగ్గర్లోని కముదిలో 2016లో 648 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం మొదలైంది. ఒకేచోట ఉన్నవాటిలో అప్పట్లో అది ప్రపంచంలోనే పెద్దది. అక్కడ ఎండ డబ్బు. అదే ఎండ ఇక్కడ మిద్దె కింద చెమట. పట్టపగలు ఎండతో కరెంటు పుట్టించి, ఆ ఎండే నింపిన వేడిని తోడేందుకు రాత్రంతా మళ్లీ కరెంటు కాల్చడం మనం చేస్తున్న వింత వ్యాపారం.

కొత్త ఇల్లు కట్టేవాళ్లకు ఒక్క మాట. గ్రానైటు, టైల్సు, రంగుల లైట్లు తర్వాత కూడా వేసుకోవచ్చు. కప్పు మీది పొరను మాత్రం అంచనాలో మొదటే రాయించండి. పాత ఇంట్లో ఉన్నవాళ్లు వచ్చే సంక్రాంతికి గోడలకు సున్నం వేసేటప్పుడు ఇంకో రెండు బస్తాలు ఎక్కువ తెప్పించి నిచ్చెనెక్కండి. ఇంటికి వచ్చే చుట్టాలకు మిద్దె మీది తెలుపు కనబడదు. కింద చాప మీద పడుకునే అవ్వకు మాత్రం ఆ రాత్రే తెలుస్తుంది.